16:30 బస్సు 990 ఎందుకయింది? యామల్ నేర్చుకోవడంలో అసలు పని

తిరుపతి నుంచి చిత్తూరుకు నడిచే బస్సుల వేళలు చూపించే చిన్న వెబ్‌సైటును ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ప్రాజెక్టుగా ఎంచుకున్నారనుకుందాం. వేళలను ప్రోగ్రాములోనే రాసేస్తే అవి మారిన ప్రతిసారీ ప్రోగ్రామును తెరవవలసి వస్తుంది. అందుచేత వాటిని విడిగా ఒక కాన్ఫిగరేషన్ ఫైలులో ఉంచి, ప్రోగ్రాము దాన్ని చదువుకునేలా ఏర్పాటు చేస్తారు. ఆ ఫైలు ఇలా ఉంటుంది. వేళలు మాత్రం ఉదాహరణ కోసం వేసుకున్నవి.

బస్సు:
  ఎక్కడి నుంచి: తిరుపతి
  ఎక్కడికి: చిత్తూరు
  వేళలు:
    - 05:45
    - 09:20
    - 16:30

ఇది యామల్ అనే పద్ధతిలో రాసిన ఫైలు. కంప్యూటరు చదువు లేని బస్టాండు ఉద్యోగి సైతం దీన్ని చూసి అర్థం చేసుకోగలరు, వేళ మారితే దిద్దగలరు. అయితే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో విస్తృతంగా వాడే పైయామల్ లైబ్రరీ (ప్రోగ్రాములో కలుపుకుని వాడుకునే సిద్ధం కోడ్) ఈ ఫైలును చదివినప్పుడు 05:45, 09:20 అనేవి రాసినవి రాసినట్టు ప్రోగ్రాముకు అందుతాయి; 16:30 మాత్రం 990 అనే సంఖ్యగా మారి అందుతుంది. తప్పు జరిగిందని చెప్పే సందేశం ఏదీ రాదు. పొద్దుటి బస్సులన్నీ సరిగా కనిపించి సాయంత్రం బస్సు ఒక్కటే అర్థం లేని అంకెగా కనిపిస్తుంటే, విద్యార్థి తన ప్రోగ్రాములోనే లోపం ఉందనుకుని గంటల తరబడి అక్కడే వెతుకుతారు.

కారణం ఫైలులోనే ఉంది. యామల్ 1.1 నియమాల ప్రకారం కోలన్ గుర్తుతో విడదీసిన అంకెలను అరవై ఆధారంగా రాసిన సంఖ్యగా భావించాలి. గంటలను నిమిషాలుగా, నిమిషాలను సెకన్లుగా లెక్కకట్టే పద్ధతే ఇది: పదహారును అరవైతో గుణించి ముప్పై కలిపితే 990 వస్తుంది. సున్నాతో మొదలయ్యే అంకెలకు ఈ సూత్రం వర్తించదు కాబట్టి 05:45 తప్పించుకుంది. విలువకు అటూ ఇటూ కోట్స్ పెట్టి "16:30" అని రాస్తే సమస్య తీరిపోతుంది. ఆ కోట్స్ ఎక్కడ అవసరమో ముందే పసిగట్టగలగడమే యామల్ నేర్చుకోవడంలో అసలు పని. మిగిలిన వ్యాకరణం ఒక పూటలో వచ్చేస్తుంది.

యామల్‌ను 2001లో క్లార్క్ ఎవాన్స్ ప్రతిపాదించగా, ఇంగీ డాట్ నెట్, ఓరెన్ బెన్-కికి ఆయనతో కలిసి రూపొందించారు. మొదట్లో ఆ పేరుకు 'ఇదిగో ఇంకో మార్కప్ భాష' అనే అర్థం వచ్చే విస్తరణ ఉండేది. ఇది పత్రాలను అలంకరించే భాష కాదని, సమాచారాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేసే పద్ధతి అని స్పష్టం చేయడానికి, ఆ పేరునే 'యామల్ మార్కప్ భాష కాదు' అనే అర్థం వచ్చేలా తరువాత మార్చారు. 1.0 వెర్షన్ 2004లో, 1.1 వెర్షన్ 2005లో, 1.2 వెర్షన్ 2009లో వచ్చాయి. అప్పటికి చలామణిలో ఉన్న ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో ప్రతి విలువకూ తెరిచే ట్యాగు ఒకటి, మూసే ట్యాగు ఒకటి ఉండాలి. యంత్రానికి అది సౌకర్యమే గానీ, మనిషి కంటికి అసలు సమాచారం కన్నా చుట్టూ ఉన్న కంచె ఎక్కువగా కనిపిస్తుంది. యామల్ రూపకర్తలు ఆ కంచెను తీసేసి, వరుస మొదట్లో వదిలే ఖాళీనే నిర్మాణంగా మార్చారు.

పై ఉదాహరణలో 'వేళలు' అనే మాట 'బస్సు' కన్నా రెండు స్పేస్‌లు లోపలికి ఉంది కనుక అది బస్సుకు చెందినది. వేళలన్నీ అంతకన్నా లోపలికి ఉండి, గీతతో మొదలయ్యాయి కనుక అవి వేళలు అనే కీ (కోలన్‌కు ముందు రాసే పేరు) కింద ఒక లిస్టు. వంశవృక్షాన్ని పక్కకు తిప్పి రాసినట్టుండే ఈ ఏర్పాటులో ఎన్ని స్పేస్‌లు వదలాలన్నది రాసేవారి ఇష్టం. ఒకే తల్లి పిల్లలందరూ ఒకే గీతలో ఉంటే చాలు. ట్యాబ్‌ను మాత్రం ఇండెంటేషన్‌కు, అంటే వరుస మొదట్లో వదిలే ఖాళీకి, వాడకూడదు. ఒక ఎడిటర్ ట్యాబ్‌ను నాలుగు స్పేస్‌ల వెడల్పుతోనూ మరొకటి ఎనిమిది స్పేస్‌ల వెడల్పుతోనూ చూపిస్తుంది. నిర్మాణమంతా ఆ వెడల్పు మీదే ఆధారపడినప్పుడు అలాంటి అనిశ్చితిని అనుమతించడం సాధ్యం కాదు. కొత్తగా నేర్చుకునేవారిని మొదటి రోజు ఎక్కువగా విసిగించేది ఈ నియమమే అయినా, దాన్ని ఉల్లంఘిస్తే పార్సర్ (ఫైలును చదివి అర్థం చేసుకునే ప్రోగ్రాము) వెంటనే ఆగిపోయి ఏ వరుసలో తప్పుందో చెబుతుంది కనుక దానివల్ల జరిగే నష్టం తక్కువ.

ఖాళీకి ఇంత బరువు మోపడం తెలుగు రాతకు పాత అలవాటేమీ కాదు. తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద పదాల మధ్య ఎడం లేకుండా అక్షరాలు వరుసగా చెక్కి ఉంటాయి. వాటిని పరిష్కరించిన పండితులు అర్థాన్నీ ఛందస్సునూ ఆధారం చేసుకుని ఏ పదం ఎక్కడ ముగుస్తుందో తేల్చారు. మనిషి చదువరి లేని ఖాళీని కూడా ఊహించుకోగలరు. పార్సర్‌కు ఉన్న ఖాళీ తప్ప వేరే ఆధారం లేదు. ఒక వరుస రెండు స్పేస్‌లు లోపలికి జరిగితే ఒక్కోసారి ఫైలు చెల్లకుండా పోతుంది, ఒక్కోసారి చక్కగా చెల్లుతూనే వేరే అర్థం ఇస్తుంది. రెండో పరిస్థితి మొదటిదానికన్నా చాలా ప్రమాదకరం.

యామల్‌లో జరిగే తప్పులను నిజానికి ఈ దృష్టితోనే విడదీసి చూడాలి. విలువలో కోలన్, దాని వెంట స్పేస్ వస్తే, ఉదాహరణకు 'గమనిక: రేణిగుంట వద్ద: ఆలస్యం' అని రాస్తే, పార్సర్ గోల చేస్తుంది, దిద్దుకోవడం ఒక నిమిషం పని. అదే 'చిరునామా: ఫ్లాట్ #12' అని రాస్తే గోల ఉండదు. స్పేస్ తరువాత వచ్చే హాష్ గుర్తు కామెంట్‌కు ఆరంభం కనుక చిరునామా 'ఫ్లాట్' దగ్గర ఆగిపోతుంది, 12 కనబడకుండా పోతుంది. ఒకే కీని ఒకే స్థాయిలో రెండుసార్లు రాయడం నిబంధనలకు విరుద్ధమే అయినా, పైయామల్ దానికి అభ్యంతరం చెప్పదు. మొదటి విలువను వదిలేసి చివరిదాన్ని ఉంచుకుంటుంది. రెండు వందల వరుసల ఫైలులో పైన ఒకరు మార్చిన విలువ కింద ఇంకొకరు రాసిన పాత విలువ కారణంగా అమలు కాకుండా పోవడం ఇలాగే జరుగుతుంది. కీ రాసి విలువ రాయకపోయినా తప్పు కాదు. అక్కడ 'ఏమీ లేదు' అనే ప్రత్యేక విలువ చేరుతుంది.

ఇంతకన్నా లోతైనది విలువల రకాన్ని ఊహించే అలవాటు. కోట్స్ లేని ప్రతి విలువనూ పార్సర్ ఒకసారి పరిశీలించి, ఇది సంఖ్యా, తేదీయా, అవును-కాదు విలువా, మామూలు మాటా అని తనంతట తాను నిర్ణయిస్తుంది. ఇంగ్లీషులో అవును, కాదు అనే మాటలతో పాటు ఆన్, ఆఫ్ అనే మాటలు కూడా 1.1 నియమాల ప్రకారం నిజం, అబద్ధం అనే విలువలుగా మారిపోతాయి. దేశాల రెండక్షరాల సంకేతాల జాబితాలో నార్వేకు కేటాయించినది ఎన్, ఓ అనే అక్షరాలు. ఇంగ్లీషులో ఆ రెండూ కలిస్తే 'కాదు' అనే మాట. అందుకే జాబితాలో భారత్, శ్రీలంక, నేపాల్ సంకేతాలు మాటలుగానే మిగిలి, నార్వే ఉన్నచోట 'అబద్ధం' వచ్చి కూర్చుంటుంది. ఈ చిక్కుకు సాఫ్ట్‌వేర్ వర్గాల్లో 'నార్వే సమస్య' అనే పేరే స్థిరపడింది.

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో బోరు మోటార్లను ఫోను నుంచి నడిపే పరికరాలకు సెట్టింగుల ఫైలు రాయవలసి వచ్చిందనుకుంటే, మోటారు స్థితికి ఆన్, ఆఫ్, ఆటో అని మూడు ఎంపికలు పెట్టడం సహజం. ఇంగ్లీషు అక్షరాల్లో కోట్స్ లేకుండా రాసినప్పుడు వాటిలో మొదటి రెండూ నిజం, అబద్ధం అవుతాయి, మూడోది మాటగా ఉండిపోతుంది. స్థితి ఆటోనా కాదా అని పోల్చే ప్రోగ్రాము బాగానే పని చేస్తుంది; ఆఫ్ అనే మాట కోసం చూసే ప్రోగ్రాముకు ఆ మాట ఎన్నడూ ఎదురుపడదు. వింత ఏమిటంటే, అదే ఫైలులో తెలుగులో 'అవును', 'కాదు' అని రాస్తే ఈ బెడద అసలు లేదు. పార్సర్ ఊహలన్నీ ఇంగ్లీషు మాటలకే పరిమితం. తెలుగు మాట దానికి ఎప్పుడూ మాటే. ౧, ౨, ౩ వంటి తెలుగు అంకెలను కూడా అది సంఖ్యలుగా లెక్కించదు.

అంకెల విషయంలో ఊహ ఇంకా చిక్కైనది. తిరుపతి ఎస్‌టీడీ కోడ్ 0877. యామల్ 1.1 ప్రకారం సున్నాతో మొదలై, సున్నా నుంచి ఏడు వరకు ఉన్న అంకెలు మాత్రమే గల విలువ ఎనిమిది ఆధారంగా రాసిన సంఖ్య. 0877లో ఎనిమిది ఉంది కనుక అది ఆ లెక్కలోకి రాక మాటగా మిగులుతుంది. హైదరాబాద్ కోడ్ 040 మాత్రం ఆ లెక్కలోకి వచ్చి 32 అయిపోతుంది. ఇక 1.2 వెర్షన్‌లోని సాధారణ నియమాలను పాటించే పార్సర్ అయితే 0877ను 877గానూ 040ను 40గానూ తీసుకుంటుంది. ఒకే ఫైలును రెండు పార్సర్లు రెండు రకాలుగా చదువుతాయి, రెండింటిలోనూ ఏదో ఒక కోడ్ చెడుతుంది. వాహనాల పాత రిజిస్ట్రేషన్‌లో చిత్తూరు జిల్లా సంఖ్య 03. దాన్ని విడిగా ఒక విలువగా రాస్తే రెండు వెర్షన్లలోనూ సున్నా పోయి 3 మిగులుతుంది. పైథాన్ 3.10 వెర్షన్ 2021లో విడుదలైనప్పుడు, ఆ అంకెను కోట్స్ లేకుండా ఆటోమేటిక్ పరీక్షల ఫైళ్లలో రాసినవారికి 3.1 వెర్షన్ దొరకలేదన్న సందేశం వచ్చింది. దశాంశ సంఖ్యగా చూస్తే 3.10కీ 3.1కీ తేడా లేదు మరి. కూడడానికీ గుణించడానికీ పనికిరాని అంకెలు, అవి ఫోను నంబర్లయినా, వెర్షన్లయినా, పిన్‌కోడ్‌లయినా, సంఖ్యలు కావు, అంకెలతో రాసిన పేర్లు. అలాంటివాటికి కోట్స్ పెట్టాలన్న ఒక్క సూత్రం పట్టుబడితే పైన చెప్పిన చిక్కుల్లో చాలా భాగం ఎదురుకాదు.

ఇలాంటి ఊహల దోషం యామల్‌కే పరిమితం కాదు. ఎక్సెల్ కొన్ని మానవ జన్యువుల పొట్టి పేర్లను మార్చి నెల, సెప్టెంబరు నెల తేదీలుగా భావించేస్తుండటంతో, జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం చివరికి 2020లో కొత్త మార్గదర్శకాలు ప్రకటించి ఆ పేర్లనే మార్చేసింది. సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దడం కన్నా జన్యువు పేరు మార్చడం సులువని శాస్త్రవేత్తలు అనుకోవలసి రావడం ఆలోచించదగిన విషయం.

అవును-కాదు మాటల మార్పిడినీ, అరవై ఆధారపు సంఖ్యలనూ 1.2 వెర్షన్ 2009లోనే తొలగించింది. అయినా పైయామల్ ఇప్పటికీ 1.1 నియమాలనే అనుసరిస్తోంది, ఎందుకంటే ఉన్నట్టుండి నియమం మారిస్తే ఇన్నేళ్లుగా నడుస్తున్న ఫైళ్ల అర్థం మారిపోతుంది. అందువల్ల యామల్ వచ్చునని చెప్పడం కన్నా, ఫలానా లైబ్రరీ ఫలానా వెర్షన్‌ను ఎలా చదువుతుందో తెలుసునని చెప్పడం సరైన మాట. తరగతి గదిలో గానీ వీడియో పాఠాల్లో గానీ ఈ సంగతికి చోటు దొరకడం అరుదు. కీ, విలువ, లిస్టు చెప్పి ముగిస్తారు. తిరుపతి, చిత్తూరు కళాశాలల నుంచి బెంగళూరుకో చెన్నైకో వెళ్లి సర్వర్ల నిర్వహణలో చేరే పట్టభద్రులు మొదటి వారంలోనే సర్వర్లనూ ప్రోగ్రాములనూ నడిపించే పనిముట్లయిన కుబర్నెటిస్, యాన్సిబుల్, డాకర్ కంపోజ్, గిట్‌హబ్ యాక్షన్స్ ఫైళ్ల మధ్య పడతారు. అవన్నీ యామల్‌లోనే ఉంటాయి.

అయితే యామల్‌ను మానేసి వేరేది ఎంచుకోవచ్చు కదా అన్న ప్రశ్న సబబైనదే. సమాచారాన్ని రాసే మరో పద్ధతి అయిన జేసన్‌లో ఊహలకు తావు లేదు. మాటలన్నిటికీ కోట్స్ తప్పనిసరి, లిస్టులకూ కీ-విలువల గుంపులకూ బ్రాకెట్లు తప్పనిసరి. కానీ అందులో కామెంట్ రాయడానికి వీల్లేదు. ఈ విలువ ఎందుకు పెట్టామో, ఎవరిని అడగకుండా మార్చకూడదో పక్కనే రాసి ఉంచలేని కాన్ఫిగరేషన్ ఫైలు, చేతులు మారిన కొద్దీ అంతుపట్టని వస్తువుగా తయారవుతుంది. టామ్ ప్రెస్టన్-వెర్నర్ 2013లో మొదలుపెట్టిన టామల్ అనే పద్ధతిలో కామెంట్లూ ఉన్నాయి, మాటలకు కోట్స్ కూడా తప్పనిసరి. పైథాన్ తన 3.11 వెర్షన్‌తో దాన్ని చదివే సౌకర్యాన్ని భాషలోనే చేర్చుకుంది. రెండు మూడు స్థాయిల ఫైళ్లకు టామల్ చక్కగా సరిపోతుంది. కుబర్నెటిస్ ఫైళ్లలా ఆరేడు స్థాయిల లోతు, లిస్టులో లిస్టు ఉండేచోట అది చదవడానికి యామల్ అంత హాయిగా ఉండదు. ఏదేమైనా ఎంపిక చాలాసార్లు నేర్చుకునేవారి చేతిలో ఉండదు, పనిముట్టు ఏది అడిగితే అదే రాయాలి. 2025 ఆగస్టులో వచ్చిన కుబర్నెటిస్ 1.34 వెర్షన్ కేయామల్ అనే రాత పద్ధతిని ప్రయోగదశలో ప్రవేశపెట్టింది. మాటల విలువలన్నిటికీ కోట్స్, నిర్మాణమంతటికీ బ్రాకెట్లు వాడుతూ, కామెంట్లను మాత్రం నిలుపుకున్న ఈ పద్ధతి చెల్లుబాటయ్యే యామలే. ఇరవై ఏళ్ల కింద తీసేసిన కంచెను కొంత మేర మళ్లీ కట్టుకోవడమే ఇది.

పొడవైన వచనాన్ని రాయడానికి యామల్‌లో ఉన్న సదుపాయం మాత్రం మెచ్చుకోదగ్గది. నిలువు గీత పెట్టి కింద రాసిన వరుసలు వరుసలుగానే ఉంటాయి. దాని బదులు కుడివైపు చూసే బాణం గుర్తు పెడితే వరుసలన్నీ కలిసి ఒకే పేరాగా మారతాయి. యాత్రికులకు చూపించే నాలుగు వరుసల సూచనకు మొదటిది, ఈమెయిలులో వెళ్లే పేరాకు రెండోది తగును. ఒకచోట రాసిన భాగానికి పేరు పెట్టి వేరేచోట మళ్లీ వాడుకునే లంగరు పద్ధతి కూడా ఉంది గానీ, దాన్ని అతిగా వాడిన ఫైలును చదవడం కష్టం.

భద్రత సంగతి కూడా మొదట్లోనే తెలియాలి. యామల్ ఫైలులోని ప్రత్యేక ట్యాగుల ద్వారా, విలువలనే కాక ప్రోగ్రాములోని ఏ వస్తువునైనా సృష్టించమని పార్సర్‌ను ఆదేశించవచ్చు. అపరిచితులు పంపిన ఫైలును అలాంటి పార్సర్‌తో చదివించడమంటే ఇంటి తాళంచెవి వారి చేతికి ఇవ్వడమే. 2013 జనవరిలో, వెబ్‌సైట్లు తయారుచేసే రూబీ ఆన్ రైల్స్ అనే పనిముట్టులో బయటపడిన తీవ్రమైన లోపానికి మూలం ఇదే. పైయామల్ 2021లో వచ్చిన 6.0 వెర్షన్ నుంచి, ఏ రకం లోడర్‌తో చదవాలో చెప్పకుండా సాధారణ లోడ్ ఫంక్షన్‌ను పిలవడానికి వీల్లేకుండా చేసింది. పాత పాఠాల్లో కనిపించే కోడ్ ఇప్పుడు పని చేయకపోవడానికి కారణం అదే; సురక్షిత లోడ్ ఫంక్షన్‌ను వాడటం సరైన మార్గం.

నేర్చుకునే విధానానికి వస్తే, గుర్తుల జాబితా కంఠస్థం చేయడం వల్ల ఒరిగేది తక్కువ. రాసిన ప్రతి ఫైలునూ పార్సర్‌కు ఇచ్చి, అది అర్థం చేసుకున్నదాన్ని జేసన్ రూపంలో తెర మీద చూసుకోవడం అన్నిటికన్నా ఫలించే అభ్యాసం. పైథాన్‌లో దానికి మూడు నాలుగు వరుసలు చాలు. జేసన్‌లో సంఖ్యకు కోట్స్ ఉండవు, మాటకు ఉంటాయి కనుక 990 అయినా 32 అయినా వెంటనే కంటపడుతుంది. ఆ తరువాత యామల్‌లింట్ వంటి పరీక్షకుడిని అలవాటు చేసుకోవాలి. రెండుసార్లు వచ్చిన కీలనూ, అవును-కాదుగా మారే మాటలనూ అది వెంటనే ఎత్తి చూపుతుంది. సున్నాతో మొదలయ్యే సంఖ్యల పరీక్షను మాత్రం సెట్టింగుల్లో విడిగా ఆన్ చేసుకోవాలి. ఇంకో జాగ్రత్త: ప్రోగ్రాము ద్వారా ఫైలును చదివి తిరిగి రాయించినప్పుడు పైయామల్ కామెంట్లన్నిటినీ వదిలేస్తుంది, కీలను అక్షరక్రమంలో పేరుస్తుంది, తెలుగు అక్షరాల స్థానంలో వాటి యూనికోడ్ సంఖ్యలను (కంప్యూటరు ఒక్కో అక్షరానికి వాడే సంకేత సంఖ్యలను) రాస్తుంది. చివరి రెండింటినీ ఆపడానికి సెట్టింగులు ఉన్నాయి. కామెంట్లు పోకుండా ఉండాలంటే వేరే లైబ్రరీని ఆశ్రయించాలి.

తెలుగులో కీలూ విలువలూ రాసేవారికి కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి, వీటిని ఇంగ్లీషు పాఠాలు ప్రస్తావించవు. తప్పు ఎక్కడుందో చెప్పేటప్పుడు పార్సర్ వరుస సంఖ్యతో పాటు ఎన్నో అక్షరం దగ్గరో కూడా చెబుతుంది. తిరుపతి అన్న మాటలో కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో గుడి, కొమ్ము వంటి గుణింతపు గుర్తులు విడి సంకేతాలు కనుక యంత్రం లెక్కలో అవి ఏడు. పదిహేనో స్థానంలో తప్పుందని సందేశం చెబితే వేలితో లెక్కపెట్టి చూసినవారికి అది దొరకదు. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన వరుసల మొదట్లో కొన్నిసార్లు మామూలు స్పేస్ బదులు, వరుస విరగకుండా ఆపే ప్రత్యేకమైన స్పేస్ ఉంటుంది; కంటికి రెండూ ఒకటే అయినా యామల్ దాన్ని ఇండెంటేషన్‌గా ఒప్పుకోదు. అన్నిటికన్నా మొండిది పొల్లు తరువాత వచ్చే కనిపించని గుర్తు. పొల్లుతో ముగిసే మాట తరువాతి హల్లుతో కలిసి ఒత్తుగా మారకుండా ఉండటానికి కొన్ని కీబోర్డులు వెడల్పు లేని ఒక గుర్తును చేరుస్తాయి. 'కౌంటర్' అనే కీని ఫోనులో ఒకరు ఆ గుర్తుతోనూ, కంప్యూటరులో మరొకరు అది లేకుండానూ రాస్తే ఫైలులో ఆ రెండూ వేర్వేరు కీలు. పార్సర్ రెండింటినీ అంగీకరిస్తుంది, యామల్‌లింట్ రెండుసార్లు వచ్చిందని చెప్పదు, ప్రోగ్రాము మాత్రం తనకు కావలసిన కీ లేదంటుంది. అప్పుడు ఆ కీని అక్షరం అక్షరంగా విడదీసి ఒక్కోదాని యూనికోడ్ సంఖ్యను ముద్రించి చూడాలి. 'కౌంటర్'కు ఆరు సంఖ్యలు రావాల్సినచోట ఏడు వస్తే, ఆ ఏడోదే తీసేయవలసిన గుర్తు.